మెయిల్‌లో దాగి వచ్చే వాటి నుంచి దుకాణం కంప్యూటర్‌ను కాపాడుకోవడం ఎలా

2023 ఫిబ్రవరి. మిర్చి సీజన్ ఊపందుకున్న రోజులు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో నేను కంప్యూటర్లు చూసే ఒక అడ్తి (కమీషన్) దుకాణం నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. "బిడ్డా, జర జల్ది రా. నేనేం చెయ్యలే, ఒక్కసారి ఒత్తిన గంతే" అన్నాడు గుమాస్తా కాక. ముప్పై ఏళ్లుగా తక్‌పట్టీలు (రైతు సరుకు అమ్మకం లెక్క చీటీలు) రాస్తున్న మనిషి. లెక్కలో రూపాయి తేడా రానివ్వడు. ఆయన గొంతు వణకడం నేను వినడం అదే మొదటిసారి.

హన్మకొండ నుంచి బండి మీద వెళ్లి చూశాను. అంతకు రెండు రోజుల ముందు ఒక మెయిల్ వచ్చింది. పాత కొనుగోలుదారుతో తేజ రకం రేటు గురించి జరిగిన మాటలకు జవాబుగానే వచ్చింది. వెనకటి మెయిళ్లన్నీ కింద అలాగే ఉన్నాయి. అనుమానం రావడానికి ఏముంది? దానికి ఒక వన్‌నోట్ (నోట్స్ రాసుకునే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాం) ఫైల్ జోడించి ఉంది. తెరిస్తే మసకమసకగా ఒక బిల్లు బొమ్మ, దాని మీద చూడాలంటే డబుల్ క్లిక్ చేయమని ఇంగ్లిష్‌లో రాసిన నీలం బటన్. కాక నొక్కాడు. ఏదో హెచ్చరిక వచ్చింది, ఓకే కొట్టాడు. బిల్లు మాత్రం కనిపించలేదు. సరే, తర్వాత అడుగుదామని పనిలో పడ్డాడు.

ఆ ఫైల్‌ను నా దగ్గరున్న, నెట్ కనెక్షన్ లేని పాత ల్యాప్‌టాప్‌లో తెరిచాను. నీలం బటన్‌ను మౌస్‌తో పట్టుకుని పక్కకు లాగితే జరిగింది. అది వట్టి బొమ్మ. దాని కింద ఒకే వరసలో నాలుగు ఫైళ్ల ఐకాన్లు ఉన్నాయి. నాలుగూ ఒకే స్క్రిప్ట్, అంటే నొక్కగానే నడిచే చిన్న ప్రోగ్రాం. బటన్ మీద కుడివైపు నొక్కినా ఎడమవైపు నొక్కినా ఏదో ఒకదాని మీద క్లిక్ పడాలని అలా పేర్చారు. ఆ పేర్పు చూసి నాకు కడుపు రగిలిపోయింది. కాక లాంటి వాళ్ల చెయ్యి ఎక్కడ పడుతుందో లెక్క వేసుకుని మరీ చేసిన పని అది.

మెయిల్ పాస్‌వర్డ్ పోయింది. దుకాణం సొంత మెయిల్ నుంచే నలుగురు కొనుగోలుదారులకు 'మా బ్యాంక్ అకౌంట్ మారింది, ఇకనుంచి ఇందులో వేయండి' అని మెయిళ్లు వెళ్లాయి. ఒకాయన మాత్రం సేటుకు ఫోన్ చేసి అడిగాడు. అప్పుడే విషయం బయటపడింది. ఇంకొకాయన అప్పటికే డబ్బు వేసేశాడు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అందులో కొంత ఆపగలిగారు.

ఆ రోజు దుకాణంలో అందరూ కాకనే తిట్టారు. అది అన్యాయం. ఎవరి మెయిల్ తెరిచినా ఆ మెయిల్ చెప్పిన పని చేయడానికి సిద్ధంగా ఉండేలా ఆ కంప్యూటర్‌ను వదిలేశాం. అందులో నా తప్పు కూడా ఉంది, ఎందుకంటే దాన్ని చూసుకునేది నేనే. అప్పటి నుంచి వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో నేను చూసే ప్రతి కంప్యూటర్‌కీ కొన్ని మార్పులు చేస్తున్నాను. వాటినే ఇక్కడ రాస్తున్నాను. మీ దుకాణానికో, ఆఫీసుకో, ఇంటికో మీరే చేసుకోవచ్చు.

ముందు, లోపల ఏం జరుగుతుందో

మెయిల్ తెరవడం అంటే ఉత్తరం చదవడమే అనుకుంటాం. మార్కెట్‌లో హమాలీ మూట దించి పక్కన పెడతాడు, లోపల ఏముందో అతనికి పట్టదు. మెయిల్ ప్రోగ్రాం అలా ఊరుకోదు. మూట విప్పుతుంది, లోపల చీటీ ఉంటే దాని మీద రాసిన పని కూడా చేస్తుంది. ఫలానా సర్వర్ నుంచి ఈ బొమ్మ తెచ్చి పెట్టు అని ఉంటే వెళ్లి తెస్తుంది. ఈ పట్టికను ఇంకో ప్రోగ్రాంతో గీయించు అని ఉంటే ఆ ప్రోగ్రాంను పిలుస్తుంది. ఇలా తెచ్చేటప్పుడు, గీసేటప్పుడు ఎక్కడైనా లోపం ఉంటే అక్కడి నుంచే దొంగ లోపలికి వస్తాడు. కొన్నిసార్లు మనం ఏమీ నొక్కక్కర్లేదు.

ఇది కొత్త సంగతి కాదు. 2001 సెప్టెంబర్‌లో నిమ్డా అనే వార్మ్ (తనంతట తాను వ్యాపించే వైరస్ లాంటిది) వచ్చినప్పుడు, సరిచేయని కంప్యూటర్లలో మెయిల్‌ను తెరవకుండా పక్కన ప్రివ్యూలో చూసినా చాలు, దానంతట అదే నడిచేది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే కథ. 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్, విండోస్‌లో వాడే తన మెయిల్ ప్రోగ్రాం ఔట్‌లుక్‌లో ఒక లోపాన్ని సరిచేసింది. ఇలాంటి లోపాలకు ఇచ్చే గుర్తింపు నంబర్లలో దానిది సీవీఈ-2023-23397. మీటింగ్ గుర్తుచేసేటప్పుడు ఔట్‌లుక్ ఒక శబ్దం చేస్తుంది కదా, ఆ శబ్దం ఫైల్ ఎక్కడుందో పంపినవాడే చెప్పే వీలుండేది. వాడు తన సర్వర్ అడ్రస్ ఇస్తే ఔట్‌లుక్ ఆ ఫైల్ కోసం అక్కడికి వెళ్లి, తలుపు దగ్గర మన విండోస్ లాగిన్‌కు సంబంధించిన గుర్తును ఇచ్చేసేది. మనిషి మెయిల్ చూడకపోయినా సరే. ఒక గంట శబ్దం కోసం ఇంత నష్టమా అనిపిస్తుంది. కానీ ఈ లోపాలన్నీ ఇలాంటి చిన్న సౌకర్యాల దగ్గరే పుడతాయి.

2025 జనవరిలో ఇంకొకటి, సీవీఈ-2025-21298. ఒక ఫైల్ లోపల ఇంకో ప్రోగ్రాంకు చెందిన వస్తువును పొదిగే ఓఎల్ఈ అనే పాత పద్ధతి విండోస్‌లో ఉంది. వర్డ్‌లో ఎక్సెల్ పట్టిక పెట్టుకోవడం లాంటివి దానితోనే జరుగుతాయి. తప్పుడు వస్తువు పొదిగిన మెయిల్‌ను ఔట్‌లుక్ ప్రివ్యూలో చూపిస్తేనే చాలు, దొంగ కోడ్ నడిచే ప్రమాదం ఉండేది. తీవ్రత పదికి 9.8 అని లెక్కగట్టారు. అప్‌డేట్ వేసుకునేదాకా మెయిళ్లను ప్లెయిన్ టెక్స్ట్‌లో, అంటే వట్టి అక్షరాలుగా, చదవమని మైక్రోసాఫ్టే సలహా ఇచ్చింది. నేను చేసే మొదటి మార్పు సరిగ్గా అదే.

ఔట్‌లుక్ వాడేవాళ్లు

పాత తరహా ఔట్‌లుక్‌లో, అంటే ఎడమవైపు పైన 'ఫైల్' అనే మెనూ ఉండేదానిలో, ఫైల్ నొక్కి ఆప్షన్స్‌లోకి వెళ్లండి. ఎడమ వరసలో అన్నిటికంటే కింద ట్రస్ట్ సెంటర్ ఉంటుంది. దాన్ని నొక్కి, కుడివైపు ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్ బటన్ నొక్కండి. మనకు కావలసినవన్నీ ఆ ఒక్క కిటికీలోనే ఉన్నాయి.

అక్కడ ఈమెయిల్ సెక్యూరిటీలోకి వెళ్లి 'రీడ్ ఆల్ స్టాండర్డ్ మెయిల్ ఇన్ ప్లెయిన్ టెక్స్ట్' అన్నదానికి టిక్ పెట్టండి. ఇకనుంచి మెయిల్ వట్టి అక్షరాలుగా వస్తుంది. రంగులు, బొమ్మలు, బటన్లు ఉండవు. లింక్ వెనక ఉన్న అసలు అడ్రస్ కూడా చాలాసార్లు పక్కనే అక్షరాల్లో కనబడుతుంది. 'ఇక్కడ నొక్కండి' అనే మాట పక్కన ఊరూ పేరూ లేని సైట్ అడ్రస్ కనిపిస్తే చదివినవాళ్లే ఆగిపోతారు. దీనివల్ల ఇబ్బంది లేదని చెప్పను. రేట్ల పట్టిక పంపితే గడులు కలిసిపోతాయి, బ్యాంక్ మెయిళ్లు గజిబిజిగా కనిపిస్తాయి. అలాంటప్పుడు మెయిల్ పైన ఉండే సన్నటి పట్టీని నొక్కితే ఆ ఒక్క మెయిల్‌ను మామూలు రూపంలో చూపమని అడగవచ్చు. మనిషి తెలిసినవాడని నిర్ధారించుకున్నాకే అది చేయాలి. మొదటి వారం అందరూ గొణుగుతారు. రెండో వారానికి అలవాటైపోతుంది. మా కాక అయితే "గిట్లనే మంచిగున్నది, అక్షరాలు పెద్దగ కనవడ్తున్నయ్" అన్నాడు.

ప్లెయిన్ టెక్స్ట్ అస్సలు కుదరదు అనేవాళ్లు కనీసం బొమ్మలైనా ఆపండి. అదే కిటికీలో ఆటోమేటిక్ డౌన్‌లోడ్ అనే చోట, బొమ్మలను తమంతట తాము దించుకోవద్దనే గడికి టిక్ ఉందో లేదో చూడండి. సాధారణంగా ఉంటుంది. 'బొమ్మలు రావట్లేదు' అని ఎవరో ఒకరు ఎప్పుడో తీసేసి ఉంటారు. నేను చూసిన చాలా కంప్యూటర్లలో ఇదే జరిగింది.

తర్వాత అటాచ్‌మెంట్ హ్యాండ్లింగ్ అనే చోట 'టర్న్ ఆఫ్ అటాచ్‌మెంట్ ప్రివ్యూ' టిక్ పెట్టండి. చివరగా బయటకు వచ్చి, వ్యూ మెనూలో రీడింగ్ పేన్‌ను, అంటే పక్కన మెయిల్ చూపే ప్రివ్యూను, ఆఫ్ చేయండి, కనీసం జంక్ ఫోల్డర్‌కైనా. జంక్‌లో పడ్డ మెయిల్‌ను తీసేయడానికి దాన్ని ఎంచుకున్నా, పక్కన ప్రివ్యూ తెరిచి ఉంటే ఔట్‌లుక్ దాన్ని చూపించేస్తుంది. చెత్తను ఊడ్చబోయి దాంట్లో చెయ్యి పెట్టినట్టవుతుంది.

థండర్‌బర్డ్, జీమెయిల్

థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాం ఈ విషయంలో మొదటి నుంచీ జాగ్రత్తగా ఉంది. బయటి బొమ్మలను తనంతట తాను తెచ్చుకోదు. ఆల్ట్ కీ నొక్కితే మెనూ కనిపిస్తుంది. వ్యూలో మెసేజ్ బాడీ యాజ్ అనే చోట ప్లెయిన్ టెక్స్ట్ ఎంచుకుంటే పని అయిపోయింది.

అందులో నాకు నచ్చిన ఇంకో సౌకర్యం ఉంది. మెయిల్ తెరిచి కంట్రోల్-యూ నొక్కితే దాని అసలు రూపం కనిపిస్తుంది. కొత్తవాడలో దర్రీలు నేయించి బయటి రాష్ట్రాలకు పంపే ఒక ఆమెకు నేను ఇది చూపించాను. ఆర్డర్ ఇస్తామంటూ వచ్చిన ఒక మెయిల్, అందంగా ఉంది. కంట్రోల్-యూ నొక్కి కిందికి వెళితే చివర్లో ఒక బొమ్మ ట్యాగ్. వెడల్పు 1, ఎత్తు 1. అంటే స్క్రీన్ మీద ఒక్క చుక్క, కంటికి ఆనదు. దాని అడ్రస్ చివర ముప్పై, నలభై అక్షరాల తోక. ఆ తోక ఆమె ఒక్కరికే ఇచ్చిన గుర్తు. మెయిల్ ప్రోగ్రాం ఆ చుక్కను తెచ్చుకోవడానికి వెళ్లగానే, ఈ మెయిల్ అడ్రస్ బతికే ఉంది, ఫలానా సమయానికి తెరిచారు, ఫలానా ఐపీ (నెట్‌లో మన కనెక్షన్ అడ్రస్) నుంచి తెరిచారు అని అవతలివాడికి తెలిసిపోతుంది. "అంటే నేను చూస్తున్ననని ఆయనకు తెలుస్తదా అక్కా?" అని అడిగింది. తెలుస్తుంది. చూసేవాళ్ల జాబితాలో పేరు చేరుతుంది, తర్వాతి మెయిల్ ఇంకా పకడ్బందీగా వస్తుంది. చాలా కంపెనీలు ప్రకటనల కోసం కూడా ఇలాంటి చుక్కలు వాడతాయి కాబట్టి కనిపించిన ప్రతిదీ దొంగది అనుకోనక్కర్లేదు. రాకుండా ఆపుకునే హక్కు మాత్రం మనది.

జీమెయిల్ 2013 డిసెంబర్ నుంచి బొమ్మలను ముందు తన సర్వర్లకు తెచ్చుకుని మనకు చూపిస్తోంది. కాబట్టి మన ఐపీ అడ్రస్ పంపినవాడికి చేరదు. కానీ తోక ఉన్న చుక్క అయితే, తెరిచారన్న సంగతి మాత్రం చేరుతుంది. దాన్ని కూడా ఆపాలంటే కంప్యూటర్‌లో పళ్లచక్రం గుర్తు నొక్కి, సీ ఆల్ సెట్టింగ్స్, జనరల్‌లో ఇమేజెస్ అనే చోట 'ఆస్క్ బిఫోర్ డిస్‌ప్లేయింగ్ ఎక్స్‌టర్నల్ ఇమేజెస్' ఎంచుకోండి. పేజీ అట్టడుగున సేవ్ చేంజెస్ నొక్కడం మరిచిపోకండి. సగం మంది అక్కడే మరిచిపోతారు, మళ్లీ నాకు ఫోన్ చేస్తారు.

ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న దుకాణానికి ఔట్‌లుక్ అవసరమే లేదని నా అభిప్రాయం. జీమెయిల్‌ను బ్రౌజర్‌లో వాడితే చాలు, బ్రౌజర్ దానంతట అదే అప్‌డేట్ అవుతుంది. అలవాటు కొద్దీ ఔట్‌లుక్ పెట్టుకుని, దాన్ని ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయకుండా ఉంచడం కన్నా ఇది ఎంతో నయం.

సొంత వెబ్‌సైట్ పేరుతో మెయిల్ ఉన్నవాళ్లకు ఒక మాట. హోస్టింగ్‌తో పాటు వచ్చే వెబ్‌మెయిల్ చాలాసార్లు రౌండ్‌క్యూబ్ అయి ఉంటుంది. 2023 అక్టోబర్‌లో దానిలో ఒక లోపం బయటపడింది. మెయిల్‌లో ఎస్‌వీజీ అనే రకం బొమ్మను ప్రత్యేకంగా తయారుచేసి పెడితే, మెయిల్ తెరవగానే బ్రౌజర్‌లో దొంగ స్క్రిప్ట్ నడిచి మెయిళ్లన్నీ చదవగలిగేది. యూరప్‌లో ప్రభుత్వ ఆఫీసుల మీద దీన్ని నిజంగానే వాడారు. 1.6.4 వెర్షన్‌లో సరిచేశారు. మీ హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేసి ఏ వెర్షన్ నడుస్తోందో అడగండి. వెంటనే సమాధానం చెప్పలేకపోతే వేరేవాళ్లను చూసుకోవడం మంచిది. మెయిల్‌లో వ్యాపారమంతా ఉంటుంది, మొహమాటపడకూడదు.

జోడించిన ఫైళ్లు

ముందు విండోస్‌లో ఫైల్ పేరు పూర్తిగా కనిపించేలా చేయండి. ఏదైనా ఫోల్డర్ తెరిచి, వ్యూలో, విండోస్ 11 అయితే వ్యూ తర్వాత షోలో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఎంచుకోండి. ఇది లేకపోతే 'బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ' అనే ఫైల్ మనకు 'బిల్లు.పీడీఎఫ్' లాగే కనిపిస్తుంది.

బిల్లు అంటే పీడీఎఫ్ గానో ఫోటోగానో రావాలి. హెచ్‌టీఎంఎల్, ఎస్‌వీజీ, ఐఎస్ఓ, ఎల్ఎన్‌కే, వన్‌నోట్ వాళ్ల '.వన్', పాస్‌వర్డ్ పెట్టిన జిప్, ఈ రూపాల్లో ఏ నిజమైన వ్యాపారి కూడా మీకు బిల్లు పంపడు. వస్తే ఫోన్ చేసి అడగండి. మెయిల్‌లో ఉన్న నంబర్‌కు చేయకండి, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కే చేయండి. వర్డ్, ఎక్సెల్ ఫైల్ తెరిస్తే పైన పసుపు పట్టీతో ప్రొటెక్టెడ్ వ్యూ వస్తుంది. చదవడానికి అది చాలు. 'ఎనేబుల్ ఎడిటింగ్' నొక్కితేనే కనిపిస్తుందని ఫైల్‌లోనే రాసి ఉంటే ఆ ఫైల్‌ను మూసేయండి. చదవడానికి ఎడిటింగ్ ఎందుకు?

వన్‌నోట్ సంగతి కూడా చెప్పాలి. కాక విషయం జరిగిన రెండు నెలలకు, 2023 ఏప్రిల్ నుంచి మైక్రోసాఫ్ట్ అలాంటి ప్రమాదకరమైన ఫైళ్లు వన్‌నోట్ లోపల నుంచి తెరుచుకోకుండా ఆపడం మొదలుపెట్టింది. అప్‌డేట్ వేసుకున్నవాళ్లకే ఆ రక్షణ.

అప్‌డేట్లు, క్రాక్ చేసిన ఆఫీస్

ఇక్కడ నేను కాస్త గట్టిగా మాట్లాడాలి. మన దగ్గర అసెంబుల్ చేయించిన కంప్యూటర్లలో చాలావాటికి క్రాక్ చేసిన, అంటే కొనకుండా దొంగతనంగా నడిపే, పాత మైక్రోసాఫ్ట్ ఆఫీస్ (వర్డ్, ఎక్సెల్) వేసి ఇస్తారు. అప్‌డేట్ చేస్తే ఆగిపోతుందని అప్‌డేట్లు కూడా ఆపేసి ఇస్తారు. వర్డ్‌లో లెక్కల సమీకరణాలు రాసే ఈక్వేషన్ ఎడిటర్ అనే చిన్న ప్రోగ్రాం ఉండేది. 2000లో తయారైంది. దానిలోని లోపం 2017 నవంబర్‌లో బయటపడింది, మ్యాక్రోలతో (ఫైల్‌లో పెట్టే చిన్న ప్రోగ్రాంలతో) పనిలేకుండానే ఫైల్ తెరిస్తే దొంగ కోడ్ నడుస్తుంది. 2018 జనవరిలో మైక్రోసాఫ్ట్ దాన్ని పూర్తిగా తీసేసింది. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఆఫీస్‌లో అది ఇంకా అలాగే ఉంది. కోట్ల టర్నోవర్ చేసే దుకాణాల్లో నేను దాన్ని నా కళ్లతో చూశాను. డబ్బు పెట్టలేకపోతే లిబ్రే ఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చక్కగా చూపిస్తుంది. క్రాక్ మాత్రం వద్దు, దయచేసి.

విండోస్ 10కి, ఆఫీస్ 2016, 2019లకు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా వాటి మీదే నడుస్తున్న కంప్యూటర్లలో బ్యాంక్ పనులు, మెయిల్ పెట్టుకోకండి. మిర్చి రాబడి మొదలయ్యేలోపే మార్చుకోండి. ఫిబ్రవరి, మార్చిల్లో ఎవరికీ తీరికుండదు, తప్పుడు మెయిళ్లకు ఎక్కువగా మోసపోయేది అప్పుడే.

పొరపాటున నొక్కేస్తే

ముందు నెట్ తీసేయండి, వైఫై ఆపి కేబుల్ పీకేయండి. ఇంకో కంప్యూటర్ నుంచి గానీ ఫోన్ నుంచి గానీ మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టి, అన్ని చోట్లా సైన్ అవుట్ చేయండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు చూడాల్సింది ఫార్వర్డింగ్‌ను, ఫిల్టర్లను. కాక మెయిల్‌లో దొంగ ఒక ఫిల్టర్ పెట్టి వెళ్లాడు. 'అకౌంట్', 'పేమెంట్' అనే మాటలున్న జవాబులన్నీ ఇన్‌బాక్స్‌లోకి రాకుండా నేరుగా ట్రాష్‌లోకి పోయేలా. అందుకే కొనుగోలుదారులు 'అకౌంట్ ఎందుకు మార్చారు' అని అడిగిన మెయిళ్లు రెండు రోజులు ఎవరికీ కనిపించలేదు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అలాగే ఉంటుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్స్, ఫార్వర్డింగ్ అనే రెండు పేజీలూ, ఔట్‌లుక్‌లో అయితే రూల్స్, ఒక్కొక్కటీ తెరిచి చూడండి. మీరు పెట్టనిది ఉంటే ఫోటో తీసుకుని, తర్వాత తీసేయండి. ఫిర్యాదుకు ఆ ఫోటో పనికొస్తుంది.

డబ్బు వెళ్లి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. తర్వాత కొనుగోలుదారులకు, రోజూ మాట్లాడేవాళ్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి. పరువు పోతుందని ఊరుకుంటే వాళ్ల డబ్బు పోతుంది. ఆ కంప్యూటర్‌ను మాత్రం ఫార్మాట్ చేసి మళ్లీ మొదటి నుంచి వేయించండి. యాంటీవైరస్‌తో ఒకసారి స్కాన్ చేసి శుభ్రమైందని నమ్మకండి.

నొక్కినవాళ్లను తిట్టకండి. తిట్లు తిన్నవాళ్లు రెండోసారి నొక్కినప్పుడు చెప్పరు. కాక ఆ రోజు రెండు రోజులు ఆలస్యంగా ఫోన్ చేయడానికి కారణం అదే, ఆయనే తర్వాత నాతో అన్నాడు. "సేటు ఏమంటడో అని ఆగిన బిడ్డా." ఇప్పుడు ఆయన బల్ల మీద అద్దం కింద ఒక కాగితం ఉంటుంది. కొనుగోలుదారుల పేర్లు, పక్కన వాళ్ల ఫోన్ నంబర్లు, అన్నిటికంటే పైన 1930. అకౌంట్ మారిందని మెయిల్ వస్తే చాలు, ఎంత తెలిసినవాడైనా సరే, ముందు అద్దం కింద చూసి ఆ నంబర్‌కు ఫోన్ చేస్తాడు.